ప్రతిసారీ అడుగు

ఔలు ఊళ్ళో మధ్యాహ్నం రెండుకే చీకటి.
ఏప్రిల్లో చిత్తడినేలలో మోకాళ్ళలోతున నిలబడి
రికార్డు చేసిన కొంగ కూత మీద
నొక్కుతుంది తూలిక్కి.
పిలవని పేరంటానికొచ్చినట్టు
ఆ నారింజరంగు ప్లేయరే ఊడిపడుతుంది.
నాలుగు సెకన్ల కూతకి
నలభై సెకన్ల ముస్తాబు.

తీసేసింది. మళ్ళీ వచ్చింది.
బ్రౌజర్ సెట్టింగుల్లో, అట్టడుగున
దొరికింది:
"ఎప్పుడూ ఇదే", పక్కన టిక్కు.
పెట్టింది ఎవరో కాదు, తనే.
ఏ తొందరలోనో.

మార్చింది: "ప్రతిసారీ అడుగు".

ఇప్పుడు కొంగ అరిచే ముందు
చిన్న కిటికీ తెరుచుకుని
దేంట్లో వింటావంటుంది.
బాగుంది, ఒకరు అడగడం.

వంటింట్లోంచి ఇల్మరి కాఫీ తెచ్చాడు,
పాలు పోసి,
ఇరవై ఆరేళ్ళుగా పోస్తున్నట్టే.
తూలిక్కి కప్పులోకి చూసింది,
ఆ టిక్కు ఎక్కడ పెట్టానా అని.