మల్కాపురంలో రీస్లింగ్

కూర్మారావు ముప్పయ్యేళ్ళు ఓడల్లో వంట చేసి
దిగేటప్పుడు తెచ్చుకున్నది ఒక మోకాలి నొప్పి,
పొడుగు మెడ పచ్చ సీసా.
నా డాబా మీద, రిఫైనరీ మంట కనబడే వైపు
కుర్చీ తిప్పుకుని కూచున్నాడు.
"ముందు వాసన చూడరా" అన్నాడు.

చూశాను.
కిరసనాయిలు.

నవ్వకండి. ఇరవై ఆరేళ్ళు ల్యాబులో
సీసా మూతలు తీసి మూసిన ముక్కు ఇది.
"కల్తీ సరుకు అంటగట్టార్రా నీకు" అన్నాను.

వాడికి నవ్వాగలేదు.
అది కల్తీ కాదట, వయసట.
ఎండ బాగా తాగిన రీస్లింగ్ ద్రాక్ష
సీసాలో ఏళ్ళు గడిపితే
ఆ వాసన దానంతటదే పుడుతుందట.

జర్మనీలో మోసెల్ అని ఒక నది,
దాని ఒడ్డు మన యారాడ కొండ కంటే నిలువు.
మట్టి తక్కువ, అంతా పలకరాయి ముక్కలే.
మనం బళ్ళో అఆలు దిద్దిన పలక ఉందే, ఆ రాయి.
పగలంతా ఎండని దాచుకుని
రాత్రి చలికి ముడుచుకున్న తీగలకి
కొంచెం కొంచెం అప్పిస్తుందట.

ఈ ద్రాక్ష పేరు మొదట కనబడింది
ఏ పద్యంలోనో కాదు,
ఆరొందల ఏళ్ళ కిందటి ఒక దొరగారి ఖర్చుల చిట్టాలో:
ఇన్ని తీగలు, ఇంత రొక్కం.
ఆ గుమాస్తా ఎవరో గానీ
నాకు వాడి మీద గౌరవం కలిగింది.
నేనూ లాగ్ బుక్కు రాసినవాణ్ణే.

రెండో గుక్కకి నాలిక దారికొచ్చింది.
తీపి అనుకునేలోపే
పులుపు వచ్చి దాని చెవి మెలేసింది.
ఉప్పద్దిన కలెక్టరు కాయ,
ఎక్కడో అడుగున తడిసిన రాయి.

నూకరత్నం చందువా వేపుడు తెచ్చింది.
"ఏటది? నాకూ ఒక సుక్క పొయ్యండి" అంటూ
స్టీలు గ్లాసు చాపింది.
వాసన చూసి ఆగిపోయింది.
మొహం చిట్లిస్తుందనుకున్నాం.
"మా అమ్మ చేతులు" అంది.

డిపో కాడ పొద్దున్నుంచీ లైన్లో నిలబడి
ఐదు లీటర్ల డబ్బా మోసుకొచ్చిన చేతులు.
లాంతరు గాజు బుగ్గితో తోమి
ఎంత కడిగినా పోని ఆ వాసనతోనే
అన్నం కలిపి ముద్దలు పెట్టేదట.

కూర్మారావు ఇంకేదో చెప్పబోయి
గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు.
సీసాలో ఇంకా నాలుగు వేళ్ళెత్తు ఉంది.

"సేప సల్లారిపోతంది, తినండి"
అంది తనే.