చుక్క పెట్టిన మాట

జుబైల్ రేవు బయట, రాత్రి షిఫ్టు.
డ్రెడ్జరు గొట్టం సముద్రం అడుగును పీల్చి
బురద, గవ్వలు, చచ్చిన పగడం
ఒడ్డు మీదికి కక్కుతున్నది.
నేను హాజరు పుస్తకం ముందు.

సర్వే చేసే వీబ్రన్, డచ్చాయన,
లోతుల పటం తిరగేసి
టీ మరక పక్కన పెన్సిలుతో రాసుకుంట పోయిండు:
మాకు జే.
జర్మనోళ్ళకూ జే, కాని మగమాటైతే చెరువు,
ఆడమాటైతే సముద్రం.
ఐస్‌లాండులో స్యోర్. ఇంగ్లీషులో సీ.
ఎప్పుడో మాసిపోయిన గోత్ జనం పుస్తకంలో సైవ్స్,
అదీ చెరువే.
ఇవన్నీ ఒక్క కడుపున పుట్టినవని
కింద గీత గీసి, ముందు చుక్క గుర్తు పెట్టి
సైవిజ్ అని రాసిండు.

చుక్క ఎందుకన్న.
రాసింది ఎక్కడా దొరకలేదు.
నోళ్ళల్ల ఉండె. పిల్లల మొఖాలు చూసి
తల్లి ముక్కు గీస్తున్నం, అంతే.
మరి తల్లికి తల్లి?
భుజాలెగరేసిండు.
దూరపు భాషల్లో నికరమైన చుట్టం లేదు,
అక్కడ ముందే ఉన్నోళ్ళ నోట్లెకెళ్ళి వచ్చిందేమో,
ఆ ఉన్నోళ్ళెవరో తెల్వదు.

మీరేమంటరు, అన్నడు.
సముద్రం అన్న. అది సంస్కృతపుదని నేనే ఒప్పుకున్న.
వంటగదిలకెళ్ళి పౌలోస్ అరిచిండు: కడల్!
నాకూ ఉన్నది కడలి, బడి పుస్తకంలో మడిచిపెట్టి.
కోరుట్లల దాంతోని ఎవరికి పని?
మాకు నీళ్ళంటే బోరు మోటరు,
అర్ధరాత్రి కరెంటు.

ఆయన పోయినంక పుస్తకం తెరిచిన.
పద్నాలుగో వరుస, బాల్కిషన్.
నెల నుంచి లేడు. ఖల్లివల్లి.
రాని మనిషి పేరు ముందు చుక్క పెట్టుడు
మా కంపెనీ పద్ధతి.

దమ్మాంల పెయింటు కొడుతున్నడంటడు నేపాలీ థాపా.
కాదు, హఫర్ దిక్కు, ఒంటెల కాడ, అని సిల్హెట్ ఆయన.
ఫోనుల నవ్విండంటడు ఒకడు,
ఏడ్చిండంటడు ఆ పక్క మంచపోడు.
మిగిలింది ఎడమ చెప్పు,
చెవి పోయిన తాళం,
గోడ మీద పెన్సిలు కూడికలు,
ఆఖరుది తప్పు కూడిక.

అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తున్న.
థాపా చెప్పే బాల్కిషన్‌కు మీసమున్నది.
నాకు యాదికున్నోనికి లేదు.

పేరు కొట్టెయ్యమని ఆఫీసు నుంచి మూడోసారి ఫోను.
సరే సార్ అన్న.
గొట్టం ఒకసారి దగ్గి, మళ్ళ పీల్చుడు మొదలుపెట్టింది.
పెన్ను తీసి
చుక్కను కొంచెం దిద్దిన.