పువ్వన్నం

ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొట్టే కాలం.
శుక్రవారం సాయంత్రమైతే చాలు
డ్వైట్ వేళ్లు వాటంతటవే ఫోను నొక్కేవి.
ఇరవై రెండేళ్లుగా పేరు చెప్పక్కర్లేదు.
"మంచు ట్రక్కా? ఇరవై నిమిషాలు" అనేది అవతల మిసెస్ మోయ్.

ఆ శుక్రవారం అవే వేళ్ల కొసన
సూది పొడిచి చుక్క రక్తం తీశాను.
రెండు వందల పద్నాలుగు.
ఎవరిదో కరెంటు బిల్లు మనింటికొచ్చినట్టు
ఇద్దరం ఆ అంకెకేసి చూస్తూ కూచున్నాం.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో
అన్నం లేదు, నూడుల్స్ లేవు,
ఆరెంజ్ చికెన్ మీద తళతళలాడే ఆ పాకం లేదు.
ఏముందమ్మా అంటే
కాలీఫ్లవర్ ఉంది.

తురిమాను.
గట్టు మీద, నేల మీద, నా చెప్పుల్లో, అంతా తెల్ల రవ్వ.
"దీన్ని కూడా నన్నే తోసెయ్యమంటావా" అన్నాడు
బతుకంతా రోడ్ల మీద మంచు తోసినవాడు.
నేను నవ్వాను. తను నవ్వలేదు.

మొదటి వారం అది అన్నం కాలేదు, జావయింది.
రెండో వారం జుకీనీని సన్నగా చీరి నూడుల్స్ అన్నాను.
నీళ్లూరి, బాణలిలో ఈతకొట్టాయి.
మూడో వారం
మొక్కజొన్న పిండికి బదులు ఏదో జిగురు పొడి,
పావు చెంచా అని రాస్తే చెంచాడు వేశాను.
గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచొచ్చింది.
డ్వైట్ టోపీ తీసి
చావింట్లో నిలబడ్డట్టు గుండెకి ఆనించుకున్నాడు.

సొరుగు నిండా సోయా సాసు పొట్లాలు,
ఆవ పొట్లాలు, విరవని చెక్క పుల్లలు.
పారెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"అర్ధరాత్రి ఊరంతా కప్పడిపోతే
వెలుతురున్న కిటికీ అదొక్కటే, వెర్నా.
పెట్టె ఒళ్లో పెట్టుకు కూచునేవాణ్ణి.
సగం రోజులు ఆకలే ఉండేది కాదు.
తొడలకి వెచ్చగా ఉండేది, అంతే."
ఇన్నేళ్లలో నాతో ఈ ముక్క అనలేదు.

నాలుగో శుక్రవారం ఆవిడే ఫోను చేసింది.
"మంచు ట్రక్కు చచ్చిపోయాడా?"
"లేదు. షుగరు."
కాసేపు నూనె చిటపటలే వినిపించాయి.
"రేపు మధ్యాహ్నం మూడింటికి రండి. వెనక తలుపు."

వెనక తలుపు వెనక మడత బల్ల.
ఆవిడ, మరిది, మూకుడు దగ్గర పనిచేసే కుర్రాడు.
ఆవిరికి ఉడికి వణుకుతున్న గుడ్డు,
అల్లం చీలికల కింద చేప,
వెల్లుల్లిలో ఇట్టే వాడిన ఆకుకూర.
తళతళలాడేది ఒక్కటీ లేదు.
అందరి ముందూ అన్నం గిన్నెలు, ఆవిడ ముందు తప్ప.
"నాకు తొమ్మిదేళ్లు" అని వేళ్లు చాపింది.
డ్వైట్ తన చెయ్యి పక్కన పెట్టాడు.
అవే చుక్కలు.
"మరి ఇన్నాళ్లూ మాకు అమ్మిందో?" అన్నాను.
"మీరు అడిగింది."

నా కాలీఫ్లవర్ గోడు విని నుదురు కొట్టుకుంది.
"ఉప్పేసి పావుగంట వదిలెయ్. తువ్వాల్లో కట్టి పిండు.
మొగుడి మీద కోపమంతా తీరేలా పిండు.
బాణలి పొగలు కక్కాలి. పిడికెడు, పిడికెడే వెయ్యి.
మంది ఎక్కువైతే ఎవరూ వేగరు, చెమటలు పోస్తారు."
వస్తుంటే, మడత విప్పని తెల్ల పెట్టెలు ఓ అర డజను
నా సంచిలో కుక్కింది.

ఈ రాత్రి పొగకి అలారం కూసింది.
చీపురు కర్రతో దాన్ని నోరు మూయించి
పెట్టె నింపి, తీగ పిడి పట్టి, సోఫా దాకా మోశాను.
"అన్నంలా ఉందా?"
నమిలాడు. చాలాసేపు నమిలాడు.
"లేదు" అన్నాడు, పెట్టె ఒళ్లో సర్దుకుంటూ.

బయట కొత్త డ్రైవరు నడిపే ట్రక్కు,
పసుపు దీపం మా గోడ మీద తిరిగి వెళ్లిపోయింది.
"ఆ పిల్లాడు ఏమన్నా తిన్నాడో లేదో" అన్నాడు,
కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

పెట్టెలోకి తొంగి చూశాను.
అడుగున రెండు ఉల్లికాడ ముక్కలు.
నాకు మిగల్చడం మర్చిపోయాడు.