జాడ తెలియదు

గురువారం ఢిల్లీ నుంచి ముగ్గురు వస్తారట
ప్రగతి చూడటానికి.
నిన్ననే గోడలకు రంగేశారు.
రెడ్ హిల్స్ ఎత్తు మీద మా ఆసుపత్రి
బరాత్‌కు ముస్తాబు చేసిన ముసలి గుర్రంలా ఉంది.

నా పని ఫోన్లు చేయడం.
ఐదేళ్ల కింద ఇక్కడ పేరు రాయించుకున్న వాళ్లందరికీ
ఒక్కొక్కరికీ ఫోన్ చేసి
ఉన్నారా అని తెలుసుకోవాలి.
ఎలా ఉన్నారు అని కాదు. ఫారంలో ఆ గడి లేదు.
ఉన్నారు. లేరు. జాడ తెలియదు.
మూడే.

చేరిన కొత్తలో
పేషెంటు బతికే ఉన్నారా అని సూటిగా అడిగి
తిట్లు తిన్నాను.
వహీద్ సాబ్ నేర్పారు:
"మందులు అయిపోయాయా అమ్మా, అని అడుగు.
మనిషుంటే జవాబు చెప్తారు.
లేకపోతే వాళ్లే ఏడుస్తారు."
ఆయన రిటైరై వెళ్లిపోయారు,
ఆ ప్రశ్న నా గొంతులో మిగిలిపోయింది.

పై అంతస్తులో ఇందుమతి
వచ్చిన కోట్లకు లెక్క రాస్తుంది.
కొత్త రేడియేషన్ మెషిన్ దిగి పద్నాలుగు నెలలు.
అది నిలబడాలంటే మందపాటి గోడల గది కావాలి.
మెషిన్‌కు డబ్బు ఒక పద్దులోంచి,
గోడలకు ఇంకో పద్దులోంచి.
ఆ పద్దులు రెండూ ఇంకా ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.
చెక్కపెట్టెలో మెషిన్,
పెట్టె మీద పిల్లి,
పిల్లికి మూడు కూనలు.
కాగితంలో మాత్రం: యంత్రం అందినది,
నిధుల వినియోగం నూరు శాతం.

పాత మెషిన్ ముందు
తెల్లారుజాము నాలుగింటికే చెప్పులు క్యూ కడతాయి.
లక్డీకాపూల్ వైపు దిగే ఫుట్‌పాత్ మీద మనుషులు నిద్రపోతుంటే
చెప్పులే వాళ్ల తరఫున నిలబడతాయి.
గుర్తుకోసం ఒక హవాయి జతకు
ఎవరో ఎర్రదారం కట్టారు.

ఏమీ మారలేదని అబద్ధం చెప్పను.
అప్పట్లో నొప్పి తగ్గే మందు ఒక్క సీసాకు మూడు సంతకాలు,
ఇప్పుడు ఒకటి.
పిల్లల వార్డులో
జుట్టు మళ్లీ మొలిచిన పిల్ల
నిన్న నా దువ్వెన అడిగి తీసుకుంది, తిరిగివ్వలేదు.
ఇది ఏ గడిలో రాయాలి?

ఇవాళే గడువు.
నాలుగువందల పన్నెండు పేర్లు.
ఉన్నారు, నూట డెబ్బై.
లేరు, నూట ముప్పైతొమ్మిది.
మిగతా నూట ముగ్గురి చోట ఒకే ఆడగొంతు,
తీయగా, తొణక్కుండా:
మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం మనుగడలో లేదు.
నంబరు గురించే అంటోందా
అని ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాను.

మధ్యాహ్నం పైనుంచి మాట వచ్చింది:
జాడ తెలియని వాళ్లను లెక్కలోంచి తీసేయండి.
తీసేస్తే
నలభై ఒకటి యాభై ఐదవుతుంది.
ఒక్క మాత్ర ఖర్చు లేకుండా
పద్నాలుగు శాతం బతికించే వైద్యం
భాగహారం.

నాలుగున్నరకు ఇంకొక్కటి చేద్దామని
మెట్‌పల్లి లింబవ్వ, రొమ్ము, రెండో దశ.
నంబరు ఆమెది కాదు, పక్కింటి కిరాణా కొట్టుది.
"ఉండుండ్రి, పిలుస్త" అని పోయాడు కొట్టాయన.
తక్కెడలో రాళ్ల చప్పుడు. ఎవరో పిల్లాడు చక్కెర అడిగాడు.
పదకొండు నిమిషాలు.
ఆ తర్వాత ఆయాసం, దాని వెనక మాట:
"దవాఖానోళ్లా? ఇన్నేండ్లకు యాదికొచ్చిననా బిడ్డా?"

మందులు అయిపోయాయా అవ్వా?

"మందులెప్పుడో అయిపోయినయి.
నేనే అయిపోలే.
నాకు బస్సు ఫ్రీనే గని
ఎంబడి వచ్చేటోనికి రెండు దినాల కూలి వోతది.
రాలేక రాలే.
లేక రాకపోవుడు గాదు. రాస్కో."

రాసుకున్నాను.
నూట డెబ్బై ఒకటి.
వ్యాఖ్యలు అని ఉన్న సన్నటి జాగాలో
చిన్న అక్షరాలతో ఇరికించాను:
వెంట వచ్చే మనిషికి రెండు రోజుల కూలి. పద్దు లేదు.

ఐదున్నర. రిపోర్టు ఏదీ అని పైనుంచి రెండుసార్లు మోగింది.
నా లైను ఖాళీ లేదు.
నూట రెండు.