ఖాళీ ట్రే బరువు

దామలచెరువు మండీలో
మూడు సీజన్లుగా కాటా కాడ కూచోని రాస్తా ఉండా.
తోతాపురి, బేనీషా, నీలం,
కార్బన్ పేపరు కింద అన్నీ నీలమే.

పాకాలలో డిగ్రీ అయినాక
రెండుసార్లు డీఎస్సీ, ఒకసారి బ్యాంకు,
ఇంకొకసారి, ఇంట్లో కూడా చెప్పలేదు, ఎస్సై.
ఆ పరుగులో చెప్పు తెగింది.

మొన్న చిత్తూరులో ఉపాధి ఆఫీసుకు పోతే
ఢిల్లీరాణి మేడం ఒక కాయితం చేతికిచ్చింది.
"నిన్ను నువ్వే అడుక్కో పాపా,
దీనికి ఎవురూ మార్కులు వెయ్యరు."
మార్కుల్లేని పరీక్ష నేనెప్పుడూ రాయలేదు.
బస్సులో దాన్ని మడిచి మడిచి
టికెట్టంత చేసినా.

నీ బలాలు ఏవి?
నలుగుర్ని నడిపించగలవా?
ఒకటి నుంచి అయిదు దాకా, ఒక అంకెకు సున్నా చుట్టు.
లారీలన్నీ కదిలినాక, రాత్రి పదకొండుకు
కాటా మీదనే కాయితం పరిచి
అన్నిటికీ మూడు చుట్టినా.
మూడంటే నోరు మూసుకోవడమే గదా.

కాయితం తీసేసినా
ఎర్ర అంకె రెండొందల గ్రాముల కాడ్నే నిలబడి ఉంది.
ఏమీ లేనిదానికి రెండొందల గ్రాములు!
అట్ల వదిలిపెట్టి నిద్రపోలేను నేను.
సీలు జోలికి పోలేదు, పైపళ్లెం ఎత్తినా.
ఎండిన మామిడి సొన, ఒక గులకరాయి,
పాపం, ఒక బల్లి తోక.
పాత టూత్ బ్రష్షుతో సందుసందూ తోమి,
నాలుగు మూలలా రాయి పెట్టి చూసి,
మళ్లా ఎత్తి, మళ్లా పెట్టి,
తలెత్తితే పాలవ్యాను హారను.

అన్నం క్యారియరు మూత తియ్యనే లేదు.
పద్నాలుగో ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది:
ఏ పనిలో నీకు ఆకలి తెలీదు?

కాయ తూకం తెలియాలంటే
ముందు ఖాళీ ట్రే బరువు తీసెయ్యాల.
రోజుకు వెయ్యిసార్లు తీస్తా, రైతుకు చూపించి మరీ.
నన్ను మాత్రం ట్రేతోనే తూచుకుంటా వచ్చినా.
తీసినా ఇప్పుడు:
నాయిన కోరిన టీచరు కుర్చీ,
మేనత్త చూపించిన బ్యాంకు అద్దాల గది,
నా మీద నాకుండే జాలి
(అదే అన్నిటికన్నా బరువు, చెయ్యి నొప్పి పుట్టింది).
మిగిలింది చారెడు.
చారెడే, కానీ కాయ.

కాటాలు బాగుచేసే దస్తగిరి తాతకు చెప్తే
నవ్వుతాడనుకున్నా.
కళ్లజోడు తీసి పంచెకు తుడుచుకున్నాడు.
"లైసెన్సు కావాల. తూనికలాఫీసు చుట్టూ తిప్పుతారు.
ఎండాకాలమంతా మండీలు, చలికాలం పస్తులు.
స్క్రూడ్రైవరు యాడ పట్టుకుంటావో చూపించు."
చూపించినా.
"ఇంకొంచెం కిందికి" అన్నాడు.

పొద్దున మొదటి ట్రాక్టరు మునిరత్నమన్నది.
పోయినేడు తరుగులో మోసపోయిన మనిషి,
కాయ దించకముందే కాటా మీదికి వొంగినాడు.
"సున్నా చూపించు పాపా."

నాయకత్వం ప్రశ్న కాడ మూడు కొట్టేసినా,
ఇంకా ఏమీ రాయలేదు.
"చూడన్నా" అన్నా.
ఆయనతోపాటు
నేనూ వొంగి చూసినా.