రంపానికీ పళ్ళుంటాయి

ఇరవై ఆరేళ్ళుగా పళ్ళ డాక్టర్ని.
రోజుకి పద్నాలుగు నోళ్ళు తెరిపించి
పుచ్చిన చోటు తొలిచి, పూడ్చి,
నునుపు చేసి పంపిస్తుంటాను.
పళ్ళు నాకేం కొత్త అనుకుంటూనే
తార్తూ పాతసామాన్ల బజారులో
పదకొండు యూరోలకి ఒక రంపం కొన్నాను.

ఇంటికొచ్చి చెక్క మీద ఆనించానో లేదో
ఎడమకి లాక్కుపోయింది.
పెన్సిల్ గీతదొక దారి, రంపానిదొక దారి,
మధ్యలో నేను.

నాలుగో అంతస్తు. వంటగదే వడ్రంగి కొట్టు.
కింద కార్లు మంచు ముసుగుతన్ని పడుకున్నాయి.
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు.
మా దేశంలో చలికాలపు సాయంత్రాలు
ఏదో ఒకటి కొయ్యాలనిపించేంత పొడుగు.

నాక్కావలసింది పెద్దదేం కాదు,
గుమ్మం పక్కన కూర్చుని బూట్లు విప్పుకోడానికి ఒక బల్ల.
దుకాణంలో నలభైకి దొరుకుతుంది,
అట్టపెట్టెలో, మరలు బిగించే బుల్లి చువ్వతో సహా.
నాకు చెక్కకే డెబ్బై అయింది,
బొటనవేలికి మూడు కుట్లు అదనం.
కుట్లు వేసిన నర్సు మార్గిత్‌కి
కిందటేడు జ్ఞానదంతం పీకింది నేనే.
మత్తుమందు కావాలా అని రెండుసార్లు అడిగింది,
రెండుసార్లూ నవ్వుతూ.

చిత్రిక పట్టడం మాత్రం బాగుండేది.
పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి
పాదాల మీద వెచ్చగా రాలేది.
ఒకటి పారెయ్యలేక
అపాయింట్‌మెంట్ల పుస్తకంలో
గురువారం దగ్గర దాచుకున్నాను.

తొమ్మిది దాటాక రంపం ఆడితే
కింది అంతస్తు నుంచి టంగు టంగుమని
హీటరు గొట్టం మీద గరిటె దెబ్బలు.
ఎవాల్డ్. ఎనభై ఒకటి.
ఎనిమిదేళ్ళుగా మెట్ల మీద తలలాడించుకోవడమే,
మాటల్లేవు.
అది మా ఊళ్ళో మర్యాదే.

డిసెంబరు ఆఖరికి బల్ల నిలబడింది.
పైపలకని కింది పట్టీలకి
ఎనిమిది స్క్రూలతో, ఆపైన జిగురుతో
కదిలితే ఒట్టన్నట్టు బిగించాను.
పన్నుకి తొడుగు అతికించినంత ధీమా.

జనవరి మూడో వారం.
బయట మైనస్ ఇరవై నాలుగు,
లోపల గాలి వరుగులా ఎండిపోయింది.
రాత్రి రెండింటికి తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు.
లైటు వేసి చూద్దును కదా,
పలక ఈ కొస నుంచి ఆ కొసకి
నోరు తెరిచింది.

తెరిచిన నోటి ముందు ఏం చెయ్యాలో
నాకు తెలియకపోవడం అదే మొదటిసారి.

తలుపు చప్పుడు.
రాత్రిబట్టల మీద ఓవర్‌కోటు,
గరిటె ఇంకా చేతిలోనే.
నన్ను దాటుకుని లోపలికొచ్చి
మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
చీలికలోకి గోరు పోనిచ్చి పొడుగునా నడిపించాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కీలు చేసిన కర్మాగారంలో
చెక్కలు వంచిన చెయ్యి.

"చచ్చిపోయిందనుకున్నావా దీన్ని?
చలికి ముడుచుకుంటుంది. వేసవిలో ఒళ్ళు విరుచుకుంటుంది.
ఇంత బిగిస్తే ఏం చేస్తుంది మరి?"

కోటు జేబులోంచి చెల్లని పాత క్రోను నాణెం తీసి
బల్ల మీద పెట్టాడు.
"ఇంత మందం వదులు.
బెజ్జం గుండ్రంగా కాదు, గుమ్మడిగింజలా."

ఆ ఏటికి సరిపడా మాటలు
అక్కడే ఖర్చయిపోయినట్టు
మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఎనిమిది స్క్రూలూ విప్పాను.
జిగురు ఊడదియ్యడానికి పది రోజులు పట్టింది,
ఉలితో, వేడినీళ్ళ గుడ్డతో, తిట్లతో.
చీలికని మూసెయ్యలేదు.
అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో
నల్లటి ఓక్ బిళ్ళ ఒకటి దించాను.
తొలిచి పూడ్చడం తెలిసిన పనే కదా.

ఏప్రిల్‌లో, బురద రోజుల్లో,
నాణెం అడగడానికన్నట్టు వచ్చాడు.
కూర్చున్నాడు. బూట్లు విప్పుకున్నాడు.
బల్ల సన్నగా కిర్రుమంది.
"పర్లేదు," అన్నాడు.
అంతకు మించిన పొగడ్త మా భాషలో లేదు.
నాణెం మర్చిపోయి వెళ్ళాడు.

ఇప్పుడు కుర్చీ మొదలుపెట్టాను.
నిన్న ఇంకా ఎనిమిదైనా కాలేదు,
గొట్టం మోగింది.
రెండే దెబ్బలు, మెల్లగా.
వేళ మించలేదే అని గడియారం చూసి,
రంపం ఆపి, వంగి చూశాను.

నిజమే.
గీత తప్పి ఎడమకి పోతున్నాను.