బిన్నాగా

మొదటి కత్తికి కొయ్యపిడి.
తెరవాలంటే అలుగు మీది గాడిలో గోరు పెట్టి లాగాల,
రెండు చేతులూ కావాల.
నాకు రెండు చేతులు యాడివి?
ఒకదాంట్లో పుల్ల ఉంటుంది కదా.
బెంగుళూరా చెట్టు కొస నుంచి తెంచింది,
పెన్సిలంత లావు, పది దినాల ముందే ఆకులు గిల్లింది.
కింద పెడితే మట్టి. నోట్లో పెడితే ఎంగిలి.
అందుకని కత్తినే నోటికిచ్చినా.
పళ్ళతో లాగి లాగి
ముందరి పన్ను అంచు విరిగింది.

రెండోది కాట్పాడి టేసను బయట కొన్నా.
మీట నొక్కితే చాలు,
లోపలి స్ప్రింగు అలుగును ఫట్టుమని బయటికి తోస్తుంది.
అమ్మేవాడు నాలుగుసార్లు ఆడించి చూపించినాడు,
ఐదోసారి నేనే అడిగి చూసినా, సిగ్గు లేకుండా.
పది దినాలు నర్సరీలో
ఏనుగెక్కినట్టు తిరిగినా.
పదకొండో దినం బంగారుపాళ్యం బస్సులో
కండక్టరుకు చిల్లర తీస్తా ఉంటే
జోబిలోనే తెరుచుకుంది.
నిక్కరు చిరిగింది. తొడకు మూడు కుట్లు.
ఎవరితో గొడవ, అనింది డాక్టరమ్మ.
ఎవరితోనూ లేదమ్మా,
నా తొందరతోనే.

మూడోదానికి అలుగు పక్కన చిన్న బుడిపె.
బొటనవేలితో తోస్తే
గుండ్రంగా తిరిగొచ్చి టిక్ అని నిలబడుతుంది,
పిడి లోపలి రేకు ఒకటి అడ్డం పడి
మళ్ళీ ముడుచుకోకుండా పట్టుకుంటుంది.
తోయకపోతే కదలదు. తోస్తే ఆగదు.
వారానికొకసారి ఇరుసులో ఒక చుక్క,
మా దొరసానమ్మ కుట్టుమిషను నూనె.
ఆమె చూడనప్పుడు రెండు.

ఇంత బిన్నా ఎందుకంటే
కోసిన మామిడికి గాలి తగిలితే నల్లబడుతుంది.
టెంకమొక్క తల తీసి, నడుమ చీల్చి,
పుల్లను రెండు పక్కలా చీలమాదిరి చెక్కి,
దూర్చి, పాలిథిన్ పట్టీ చుట్టి
బిన్నా, బిన్నా అంటాడు మేస్త్రి కుప్పయ్య,
నలభై ఏళ్ళుగా అదే మాట.
నేను తొందర అనుకున్నా చాన్నాళ్ళు.
కాదు.
దెబ్బ తగిలిందని
చెట్టుకు తెలిసే లోపల, అని.

ఆడి నెలలో దేవసేన పనికొచ్చింది.
ఎడమచేతి వాటం.
నా కత్తి ఇచ్చినా. బుడిపె అవతలి పక్కకు పోయింది.
చూపుడువేలు వంచి, మణికట్టు తిప్పి,
చేయి మార్చి, మళ్ళీ మార్చి,
ఆ లోపల పుల్ల నల్లగా.
ముప్పై కట్టింది. ఇరవైతొమ్మిది ఎండినాయి.
ఆ చేత్తో అంటు అంటదు, అన్నాడు కుప్పయ్య.
నవ్వలేదు.
ఆ పిల్ల ఏడవలేదు.
కత్తిని ముడిచింది, తెరిచింది, ముడిచింది.
అన్నా, తప్పు నా చేతిదా,
బుడిపెదా?

ఇరవైరెండేళ్ళు జోబిలో మోసినా.
దానికి కుడీ ఎడమా ఉందని
నాకు తెలీదు.

సైకిల్ షాపు ఖలీలు బుడిపె ఊడదీసి
అదే బొక్కలో స్పోకు ముక్క దూర్చినాడు,
ఒకపక్క స్పోకు తల, ఇంకోపక్క నిప్పిలు,
మిగిలింది ఆకురాయితో అరగదీసినాడు.
పది రూపాయలు తీసుకున్నాడు.
టీ ఇప్పించినాడు, అదీ పదే.

ఇప్పుడా కత్తి దేవసేన దగ్గరే.
చుడీదారుకు జోబీ లేదని
వాళ్ళ నాయన చొక్కా పైన తొడుక్కుని వస్తుంది.
సన్నటి వాన. పచ్చవల కింద నలుగురం వరసగా కుక్కిళ్ళలో.
ఎడమపక్క నుంచి టిక్ అంటుంది,
నేనింకా పుల్ల ఎంచకముందే.
పోయిన వారం కట్టినవాటికి
రాగిరంగు ఆకు తొంగిచూస్తోంది.
కుప్పయ్య వాటిని లెక్కపెట్టినాడు,
ఎన్నని మాత్రం చెప్పలేదు.

కొత్తది కొనేదాకా
నాకు ఆ కొయ్యపిడిదే గతి.
పన్ను విరిగిన సందులో
గాడి సరిగ్గా కూర్చుంటోంది.